అమ్మ కోసం దించిన కారు

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. లిఫ్టు కదిలిందని లోపలున్నవాళ్ళకు తెలియకూడదు, ఆగిందనీ తెలియకూడదు, తలుపు తెరుచుకున్నాక గానీ దిగాల్సిన అంతస్తు వచ్చిందని తెలియకూడదు. అదీ ఆయన పట్టింపు. లోపలి నేలకూ బయటి నేలకూ మధ్య గోరంత తేడా ఉన్నా ఊరుకోడు. "ఇంత మాత్రానికి ఎవరు పడతారు బావా?" అని నేనంటే, "ముసలివాళ్ళు పాదం ఎత్తి వెయ్యరురా, ఈడుస్తారు. వాళ్ళు పడతారు" అంటాడు. అంటూనే మళ్ళీ పైకెక్కి బ్రేకు సరిచేస్తాడు. ముసలివాళ్ళ పాదాల గురించి ఇంత తెలిసిన మనిషి, సొంత తల్లి మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఏం చేశాడో చెబితే మీరు నమ్మరు. నమ్మినా నమ్మకపోయినా చెబుతాను, ఎందుకంటే ఆ కారు వెనక సీట్లో కూర్చుని నడుము విరగ్గొట్టుకున్నవాణ్ణి నేనే.

నేను ఆయన భార్యకు తమ్ముణ్ణి. ఉండేది వాళ్ళింట్లోనే, ఉద్యోగం కూడా ఆయన చేతి కిందే. ఆయన పైన మోటారు గదిలో ఫ్యాను కింద ఉంటే నేను అడుగున గుంతలో గ్రీజు పూసుకుని ఉంటాను. అక్కను ఇచ్చినందుకు నాకు దక్కిన మర్యాద అది. బామ్మర్ది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అంటారు కదా, ఆ సామెత మీద భరోసాతోనే ఇదంతా బయటపెడుతున్నాను. మా బావ చెడ్డవాడు కాదు. కాస్త సోకున్నవాడు, అంతే.

ఆ సోకు ఎక్కణ్ణించి వచ్చిందో కూడా చెప్పాలి. బావకు ఊహ తెలియకముందే వాళ్ళ నాన్న పోయాడు. వాళ్ళమ్మ, అంటే మా అత్తయ్య, కుట్టుమిషను మీద కొడుకును పెంచింది. ఎవరో వదిలేసిన పెద్ద ప్యాంట్లు విప్పి, గుడ్డ తిరగేసి, కొడుక్కు కత్తిరించి కుట్టేది. అయినా ఆ బట్టలు తొడుక్కుని బావ బడికి పోతుంటే ఎవరో పేరున్న టైలరు దగ్గర కుట్టించారనుకునేవారట. భుజం కుట్టు భుజం మీదే ఉండాలి. ప్యాంటు అంచు బూటు మీద వాలాలి, చీలమండ పైన వేలాడకూడదు. ఆ మాటలు వింటూ పెరిగిన కన్ను ఆయనది. ఇప్పటికీ చొక్కాకు ఇస్త్రీ మడత సరిగ్గా పడకపోతే పనిలోకి దిగడు.

అత్తయ్య ఇప్పటికీ పని మానలేదు. రెడీమేడ్ బట్టల షాపులో ఆల్టరేషన్ మిషను ఆవిడది. పొడుగైన ప్యాంట్లు మడిచి కుట్టడం, బిగువైన నడుములు వదులు చేయడం, కొత్త చొక్కా తొడుక్కుని అద్దం ముందు మొహం ముడుచుకున్నవాణ్ణి నవ్వించి పంపడం. షాపులో కత్తెరలు బోలెడున్నా తన కత్తెర తానే సంచిలో పెట్టుకుని వెళ్తుంది. ఇంకొకరి కత్తెర ఇంకొకరి చెప్పుల్లాంటిదట, నడవొచ్చు గానీ నడక కుదరదట. ఆవిడకు మోకాళ్ళు అరిగి బస్సు మెట్లు ఎక్కలేని రోజు వచ్చినప్పుడు బావ ఒక పాత కారు కొన్నాడు. నిటారుగా, ఎత్తుగా ఉండే చిన్న కారు. తలుపు తీస్తే సీటు సరిగ్గా కుర్చీ ఎత్తులో ఉండేది. ఆవిడ వెనక్కి తిరిగి కూర్చుని, కాళ్ళు ఒక్కొక్కటే లోపలికి పెట్టుకునేది. పొద్దున్నే ముందు సీట్లో ఆవిడ, వెనక పనిముట్ల సంచితో నేను. ఆవిణ్ణి షాపు దగ్గర దించి మేం మా లిఫ్టు కంపెనీ యార్డుకు పోయేవాళ్ళం.

అంతా సుఖంగా సాగుతోందనుకుంటుండగా మా స్టోరు కీపరు నోరు తెరిచాడు. యార్డులో బావ కారు పక్కనే కొత్తగా చేరిన ఇంజినీరు తన కారు పెట్టేవాడు. ఆ కారును బాగా కిందికి దింపించాడు. చక్రాలు రేకు లోపలికి ఒదిగి, బండి నేలకు అతుక్కున్నట్టుండేది. స్టోరు కీపరు రెండు కార్లనూ మార్చి మార్చి చూసి, "మీ బండి నీళ్ళలో దిగడానికి ప్యాంటు మడుచుకున్నవాడిలా ఉందండీ" అన్నాడు. అందరూ నవ్వారు, బావ కూడా నవ్వాడు. కానీ ఆ మాట ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అప్పట్నుంచీ కారెక్కే ముందు ఆగి, చక్రానికీ పైన రేకుకూ మధ్య ఉన్న సందును చూసేవాడు. అందులో పిడికిలి పెట్టి చూసేవాడు. కారును యార్డు చివర గోడవారకు తీసుకెళ్ళి పెట్టేవాడు. "ఆ సందులో పిచ్చుక గూడు పెట్టుకోవచ్చు బావా" అని నేనూ ఒక పుల్ల వేస్తే, నవ్వకుండా నా వైపు అదో రకంగా చూశాడు.

ఒక సాయంత్రం పని అయ్యాక కారును ఇంటి వైపు కాకుండా మరో దారి పట్టించాడు. తీసుకెళ్ళి స్ప్రింగులాయన షెడ్డు ముందు ఆపాడు. స్ప్రింగులు, షాకబ్జార్బర్లు తప్ప ఇంకో పని ముట్టుకోడు కాబట్టి అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. మాటకారి. చేతిలో పాత స్ప్రింగు ఒకటి పట్టుకుని నొక్కుతూ వదులుతూ మాట్లాడతాడు.

"రోజూ నడిపే బండా, సెలవు రోజు సోకు బండా?" అన్నాడు.

"రోజూ నడిపేదే" అన్నాడు బావ. "కిందికి దిగాలి. సుఖంగానూ ఉండాలి."

"అందరూ అదే అంటారు సార్. అవ్వా కావాలి, బువ్వా కావాలి. రెండూ కావాలంటే కొంచెమే దించాలి. చూడండి, పొట్టి స్ప్రింగు వేస్తే బండి చక్కగా కూర్చుంటుంది. కానీ పొట్టి స్ప్రింగు గట్టిగా ఉంటుంది, లేకపోతే గుంటలో అడుగు తగిలేస్తుంది. ఆ గట్టి స్ప్రింగును మీ పాత షాకబ్జార్బరు అదుపు చెయ్యలేదు. బండి ఎగిరెగిరి పడుతుంది. అదే రెండూ ఒకదానికొకటి కుదిర్చిన జత వస్తుంది. ఎత్తు మర తిప్పి పెట్టుకోవచ్చు, మెత్తదనం కూడా తిప్పుకోవచ్చు. రెండు వేళ్ళు దించి, మెత్తగా పెట్టి ఇస్తా. ఎక్కినవాళ్ళకు దించినట్టే తెలీదు."

"రెండు వేళ్ళేనా?" అన్నాడు బావ.

"అదీ తెప్పించాలి. కొన్నాళ్ళు పడుతుంది."

బావ కళ్ళు అప్పటికే అరమీదికి పోయాయి. అక్కడ ఎర్రరంగు వేసిన పొట్టి స్ప్రింగులు మిలమిలా మెరుస్తున్నాయి. ఆ పక్కనే గోడ మీద అలాంటివి వేసిన కారు ఫోటో. సందన్నదే లేదు. స్ప్రింగులాయన ఆ చూపు చూసి తల గోక్కున్నాడు. "అవి పందెం కుర్రాళ్ళకు వేస్తాం సార్. సరే, మీ బండిలో రోజూ ఎవరెవరు కూర్చుంటారు? దాన్నిబట్టే చెప్తాను."

"నేనొక్కణ్ణే" అన్నాడు బావ.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. దగ్గాను. ఇంకోసారి దగ్గాను. బావ నా వైపు చూడలేదు. నన్ను లెక్కలో వేసుకోకపోతే పోనీలే, కొత్తేం కాదు. అత్తయ్య సంగతేమిటి? కానీ స్ప్రింగులాయన అప్పటికే అరమీద ఉన్నవి కిందికి దించుతున్నాడు. "ఒక్కరే అయితే మీ ఇష్టం" అన్నాడు.

ఇంటికి వచ్చే దారిలో నా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. రోడ్డు మీద ఎవరైనా గీత గీసినా నడుముకు తెలిసేట్టుంది. బావ స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని, "కొత్త కదా, కాస్త బిగువుగా ఉంది. నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది" అన్నాడు. "చెప్పులా బావా, కాలికి సర్దుకోవడానికి?" అన్నాను. ఆయన వినలేదు. ఒక అద్దాల దుకాణం పక్కనుంచి పోతూ అద్దంలో కారును చూసుకుంటున్నాడు. నిజం చెప్పాలంటే కారు అందంగానే ఉంది. కొలత తీసి కుట్టినట్టుంది.

మర్నాడు పొద్దున అత్తయ్య మెట్లు దిగి వచ్చి కారు ముందు ఆగిపోయింది. "ఇదేంట్రా, కారు కుంగిపోయింది?" అంది.

బావకు నలభై దాటాయి. చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. కుర్రాళ్ళతో సమానంగా సోకు చేసుకున్నానని తల్లి ముందు ఎలా చెబుతాడు? సిగ్గుతో మొహం ఎర్రబడింది. నోటికి ఏదొస్తే అది అనేశాడు. "నీ కోసమేనమ్మా. మోకాళ్ళ నొప్పులంటున్నావుగా. ఎక్కడానికి తేలిగ్గా ఉంటుందని దింపించాను."

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. అత్తయ్య కొడుకు మొహం వైపు, కారు వైపు చూసింది. కళ్ళు తుడుచుకుంది. "నా మోకాళ్ళ కోసం కారునే దించావట్రా" అని కొడుకు గడ్డం పట్టుకుంది. బావ అలాగే నిలబడిపోయాడు. వెనక తలుపు తెరిచి పట్టుకుని నేనూ నిలబడిపోయాను. అప్పుడు "కాదమ్మా" అనే ఒక్క మాట అని ఉంటే అంతటితో పోయేది. ఆయన అనలేదు.

ఇక ఆ మాట ఊరంతా తిరిగింది. ముందు కింది వాటా వాళ్ళకు తెలిసింది, తర్వాత షాపులో అందరికీ తెలిసింది. షాపులో బిల్లులు రాసే అమ్మాయి ఇంటికి వెళ్ళి వాళ్ళన్నకు చెప్పి, చూసి నేర్చుకోమందట. ప్యాంటు మడిపించుకోవడానికి వచ్చిన ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా అత్తయ్య మిషను తొక్కుతూ చెప్పేది: "మా అబ్బాయి నా కోసం కారునే కత్తిరించాడు. నేను బట్టలు కత్తిరించినట్టు." అలాంటి ఒకాయన షాపు బయట బావను చూసి చెయ్యి కలిపి మరీ మెచ్చుకున్నాడు. బావ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. కారులో కూర్చున్నాక చాలాసేపు ఇంజను వేయలేదు.

కారులో అత్తయ్య ఎప్పుడూ ఏమీ అనలేదు. గుంట వచ్చినప్పుడల్లా తలుపు పైన పిడి పట్టుకునేది. కత్తెర ఉన్న సంచిని ఒడిలోంచి ఎగరకుండా మోచేత్తో అదిమి పట్టుకునేది. ఒకసారి గట్టిగా తగిలితే, "రోడ్డు బాగా తెలుస్తోందిరా" అంది మెచ్చుకోలుగానే. లిఫ్టులో ఉన్నవాళ్ళకు లిఫ్టు కదిలిందని తెలిస్తే అన్నం తినని మనిషి ఆ మాట విని ఏమయ్యాడో వెనకనుంచి నాకు కనిపించలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అసలు కష్టం దిగడంలో ఉంది. పాత సీటు కుర్చీ ఎత్తులో ఉండేది, లేచి నిలబడితే సరిపోయేది. ఇప్పుడు పీట మీంచి లేచినట్టు లేవాలి. మోకాలు బాగా మడతపడాలి. అదే ఆవిడకు రాదు. వారం తిరక్కముందే అత్తయ్య ఒక అలవాటు మొదలుపెట్టింది. షాపు ముందు కారు ఆగగానే, "ఒరేయ్, ఆ పక్క షాపులో తలనొప్పి మాత్ర ఒకటి పట్రా" అని బావను పంపేది. ఆయన అటు వెళ్ళగానే తలుపు చట్రం ఒక చేత్తో, సీటు అంచు ఒక చేత్తో పట్టుకుని, ఒకసారి ఊగి, రెండోసారి ఊగి, పంటి బిగువున లేచేది. నేను దిగి చెయ్యి అందిస్తే, "హుష్, వాడికి చెప్పకు. పాపం, అంత ప్రేమగా చేయించాడు" అనేది. బావ వచ్చేసరికి చీర సర్దుకుని, నవ్వుతూ నిలబడి ఉండేది. ఆ మాత్రలు ఆవిడ వేసుకోగా నేనెప్పుడూ చూడలేదు.

నాకు ఉండబట్టలేదు. ఒకరోజు లిఫ్టు గుంతలోంచి పైకి వచ్చి, చేతులు తుడుచుకుంటూ బావకు చెప్పేశాను. "ఆవిడ దిగలేకపోతోంది బావా."

"నాకు తెలీదనుకున్నావా?" అని అరిచాడు. "మందుల షాపు అద్దంలో అంతా కనబడుతుంది. రోజూ చూస్తూనే ఉన్నా." అరిచినవాడు అంతలోనే గొంతు తగ్గించాడు. "ఏం చెయ్యమంటావురా? మొహం చెల్లడం లేదు." రోజూ అద్దంలో చూస్తూ కూడా, ఆవిడ లేచి నిలబడేదాకా ఆగి, అప్పుడు మాత్ర పట్టుకుని వెనక్కి వస్తున్నాడన్నమాట. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇంతలో షాపు ఉన్న వీధి మొదట్లో కొత్తగా స్పీడ్ బ్రేకర్ వేశారు. ఎవరు వేశారో గానీ ప్రహరీగోడ కట్టబోయి మధ్యలో మానేసినట్టు వేశారు. మా కారు దాని మీదికి ఎక్కగానే అడుగు బర్రున గీసుకునేది. దించిన కార్లవాళ్ళకు దీనికొక ఉపాయం ఉంది: మనుషుల్ని దింపేసి, ఖాళీ బండిని ఏటవాలుగా దాటించి, అవతల మళ్ళీ ఎక్కించుకోవడం. మొదట్లో నేనొక్కణ్ణే దిగితే సరిపోయేది. నేను దిగి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని, స్పీడ్ బ్రేకర్ దాటి, అవతల మళ్ళీ కారెక్కేవాణ్ణి. దారినపోయేవాళ్ళు నన్ను వింతగా చూసేవారు.

ఒకరోజు అత్తయ్య ఇంటి దగ్గర కుట్టిన బడి యూనిఫారాల మూట కూడా కారులో ఉంది. నేను దిగినా కారు దాటలేదు. అడుగు ఆనుకుని నిలబడిపోయింది. బావ వెనక్కి తీసి మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ బర్రుమంది. వెనక బండ్లు ఆగిపోయి హారన్లు మొదలయ్యాయి. "నేనూ దిగుతాన్రా, నాకేం" అంటూ అత్తయ్య తలుపు తీసింది. బావ వద్దనలేదు. అనడానికి టైము లేదు అంటాడాయన. నేను చూశాను, టైము ఉంది.

అక్కడ రోడ్డు పక్కకు వాలుగా ఉంది. సీటు ఇంకా లోతుకు పోయింది. ఆవిడ ఒకసారి ఊగింది, లేవలేదు. రెండోసారీ లేవలేదు. మూడోసారి చెయ్యి జారి వెనక్కి కూలబడింది. సంచి రోడ్డు మీద పడి కత్తెర బయటికి వచ్చింది. నేను పరిగెత్తి రెండు చంకల కింద చేతులు వేసి ఎత్తాను. చుట్టూ జనం. వెనక వ్యాను డ్రైవరు తల బయటపెట్టి, "ముసలావిణ్ణి తిప్పుతూ కారు అంత కిందికి దించావేంటయ్యా? బుద్ధుందా?" అని బావ మీద అరిచాడు.

అప్పుడు అత్తయ్య నా భుజం పట్టుకునే ఉంది. అయినా ఆ డ్రైవరు వైపు తిరిగి, వీధి వీధంతా వినబడేట్టు, "నోరు ముయ్యి! నా కొడుకు నా మోకాళ్ళ కోసమే దించాడు. తెలీకపోతే తెలుసుకో!" అంది.

వ్యాను డ్రైవరు నోరు మూశాడు. ఎవరో కిసుక్కుమని నవ్వారు. బావ స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. తల కొట్టేసినట్టయింది ఆయనకు. వీధి మధ్యలో ఎవరో తిడితే కాదు, తల్లి తన పరువు కాపాడినందుకు. ఆవిడ మెల్లగా స్పీడ్ బ్రేకర్ దాటి, అక్కణ్ణించి ఇక కారెక్కకుండా షాపుదాకా కుంటుకుంటూ నడిచింది. కత్తెర నేను తీసి ఇచ్చాను.

రెండు రోజుల తర్వాత అన్నాల దగ్గర అత్తయ్య తీరిగ్గా ఒక మాట అంది. "వచ్చే నెల నుంచి షాపు మానేస్తాను. చూపు ఆనడం లేదు. సూదిలో దారం ఎక్కడం లేదు."

ఆ సాయంత్రమే అక్క జాకెట్టుకు గుండీ ఊడితే అత్తయ్య దీపం దగ్గరికి కూడా వెళ్ళకుండా, మాట్లాడుతూ మాట్లాడుతూ, దారం ఒక్క పోటుకే ఎక్కించడం మేమందరం చూశాం. అక్క వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి బావను పట్టుకుంది. "ఆవిడ పని మానితే ఆవిడలా ఉంటుందా? కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చునే మనిషా ఆవిడ? ఏం జరిగిందో నాకు తెలీదు గానీ మీ మొహం చూస్తే మీకు తెలుసనిపిస్తోంది." బావ నీళ్ళు నమిలాడు. అక్కకు కూడా అబద్ధమే చెప్పి ఉంచాడు మరి.

మర్నాడు బావా నేనూ స్ప్రింగులాయన దగ్గరికి వెళ్ళాం. బావ దారిలో పథకం చెప్పాడు. "గుట్టుగా కారు ఎత్తించేస్తాను. సుఖంగా ఉంటే ఆవిడే వస్తుంది."

"ఎత్తించి ఏమని చెప్తావు? మోకాళ్ళ కోసం దించి, మోకాళ్ళ కోసమే ఎత్తించానంటావా?"

ఆయన ఆలోచించాడు. "స్ప్రింగులు విరిగిపోయాయని చెప్దాం."

"కారు ఆపు బావా, నేను నడిచి వస్తాను" అన్నాను. ఆపలేదు గానీ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

స్ప్రింగులాయన అంతా విని, మొదట చెప్పినదే మళ్ళీ చెప్పాడు. స్ప్రింగూ షాకబ్జార్బరూ కుదిర్చిన జత తెప్పిస్తానన్నాడు. "కానీ ఎత్తు ఎంత పెట్టాలో, మెత్తదనం ఎంత పెట్టాలో కూర్చునే మనిషిని చూడకుండా నేను చెప్పలేను. ఆవిణ్ణి తీసుకురండి." బావకు ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. ఆవిణ్ణి తీసుకురావాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పకపోతే ఆవిడ వచ్చే నెలకు కత్తెర అరమీద పెట్టేస్తుంది.

ఆ సాయంత్రం అత్తయ్య మంచం మీద కూర్చుని బావ పని ప్యాంటు కుట్లు విప్పుతోంది. బావ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, కారు నీ కోసం దించలేదు."

ఆవిడ తలెత్తింది. "మరి?"

"బాగుంటుందని."

"ఏం బాగుంటుందని?"

"చూడ్డానికి."

ఆవిడకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. చేతిలో ప్యాంటు పక్కన పెట్టింది. "నాకు కష్టంగా ఉందని తెలుసా నీకు?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

బావ గోడ వైపు చూస్తూ, "మొదటి వారం నుంచే" అన్నాడు.

అక్క గుమ్మంలో ఆగిపోయింది. అత్తయ్య తిడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాం. రెండూ చేయలేదు. ఆవిడ మొహంలో కనిపించింది సిగ్గు. తప్పు చేసింది తానే అన్నట్టు చీర చెంగు సర్దుకుంది. "అందరికీ చెప్పుకున్నానురా" అంది. "ఆ రోజు రోడ్డు మీద కూడా అరిచి చెప్పాను. ఆ నవ్విన వాళ్ళు తెలిసే నవ్వుంటారు. నాకొక్కదానికే తెలీలేదు."

"అమ్మా..."

"సోకు తప్పని నేననను. నీకు సోకు నేర్పిందే నేను. నా కారు, నా ముచ్చట, దింపుకున్నానమ్మా అనుంటే, పోరా పిచ్చోడా అని ఊరుకునేదాన్ని. నీ సోకుకు నా మోకాళ్ళు అడ్డం పెట్టావు. నా కోసం చేశాడన్న ఒక్క మాట పట్టుకుని ఇన్నాళ్ళూ ఎక్కాను, దిగాను. నొప్పి కూడా తీపిగానే ఉండేది." ఆవిడ మళ్ళీ ప్యాంటు చేతిలోకి తీసుకుంది. "సరే, వెళ్ళి మొహం కడుక్కో."

బావ ఆ రాత్రి అన్నం తినలేదు. నాకు జాలి వేయలేదని చెప్పను గానీ, కోపమే ఎక్కువ ఉండింది.

కొత్త జత వచ్చాక అత్తయ్యను తీసుకెళ్ళడానికి అక్క పూనుకోవాల్సి వచ్చింది. "ఆయన కోసం కాదత్తయ్యా, మీ మిషను కోసం రండి" అంది. ఆ మాటకు ఆవిడ లేచింది. షెడ్డులో స్ప్రింగులాయన కుర్చీ వేశాడు, ఆవిడ కూర్చోలేదు. నేరుగా పనిలోకి దిగింది. కారులో కూర్చుంది, లేచింది. "ఇంకాస్త పైకి" అంది. ఆయన చక్రం ఊడదీసి, మర తిప్పి, మళ్ళీ బిగించాడు. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. షాపులో ప్యాంటు తొడుక్కున్నవాణ్ణి నడిపించి, కూర్చోబెట్టి, వంగమని చూసే మనిషి కదా, దేన్నీ ఊరికే ఒప్పుకోదు. నన్ను కూర్చోమంది, కొడుకును కూర్చోమంది. బండిని ఆ స్పీడ్ బ్రేకర్ లాంటి దాని మీద నడిపి చూపించమంది. "ఇంకొంచెం మెత్తగా" అంది. స్ప్రింగులాయన చెమట తుడుచుకుంటూ నవ్వాడు.

"మొదటే ఈ అమ్మగారి సంగతి చెప్తే నేను అవి వేసేవాణ్ణే కాదు. సార్ నేనొక్కణ్ణే కూర్చుంటానన్నారు మరి" అన్నాడు. పాపం, ఆయన మనసులో ఏమీ లేదు.

బావ ఈ సంగతి తల్లికి చెప్పలేదు. చెప్పినవాటిలో ఇది లేదు. అత్తయ్య కొడుకు వైపు చూసింది. ఎక్కువసేపు చూడలేదు. "ఇక్కడ సరిపోయింది. బిగించెయ్యి నాయనా" అని స్ప్రింగులాయనతో అంది. బావ బయటికి వెళ్ళి, ఏదో ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. ఫోను మోగలేదు, నాకు తెలుసు.

కారు బాగా కుదిరింది. కొన్నప్పటికంటే రెండు వేళ్ళే కింద ఉంది. చక్రం పైన సందు మరీ పోలేదు గానీ కంటికి ఇబ్బంది లేదు. గుంటల మీద మెత్తగా పోతోంది. ఎవరూ దిగకుండానే స్పీడ్ బ్రేకర్ దాటుతోంది. బావ కోరుకున్నదీ, అత్తయ్యకు కావలసిందీ ఆ రెండు వేళ్ళలోనే ఉన్నాయి. మొదటి రోజే స్ప్రింగులాయన చెప్పిందీ అదే.

సోమవారం పొద్దున అత్తయ్య కత్తెర సంచితో కారెక్కింది. షాపు మానేసే మాట మళ్ళీ రాలేదు. దారిలో ఆవిడ పైన పిడి పట్టుకోలేదు. చేతులు ఒడిలో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. బావ రెండు మూడుసార్లు ఆవిడ వైపు చూశాడు. ఏమైనా అంటుందేమోనని ఆయన ఆశ. షాపు ముందు కారు ఆగింది. ఆవిడ మాత్ర తెమ్మనలేదు. బావ పరిగెత్తినట్టు అటు తిరిగొచ్చి తలుపు తీసి పట్టుకున్నాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకోకుండానే, ఊగకుండానే, ఒక్కసారికే లేచి నిలబడింది.

బిల్లులు రాసే అమ్మాయి మెట్ల మీంచి చూసి దిగి వచ్చింది. "అమ్మా, కారు మళ్ళీ మారిందే! ఎంత తేలిగ్గా దిగారు! మీ కోసం మళ్ళీ మార్పించారా అన్నయ్య?"

ఈసారి అది నిజం. బావ తలుపు పట్టుకుని తల్లి మొహం వైపు చూశాడు. నేను కూడా వెనక సీట్లోంచి ముందుకు వంగాను.

అత్తయ్య సంచి భుజానికి తగిలించుకుంది. "ఏమోనమ్మా, కారు వాడిది. వాడికి ఎలా కావాలో అలా పెట్టుకుంటాడు" అంది. అని, మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి బావ వైపు చూసింది. చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు, మూశాడు. అలాగే తలుపు పట్టుకుని నిలబడి ఉంటే వెనక ఎవరో హారన్ కొట్టారు. "బావా, పోదాం" అని నేనే అన్నాను.